ప్రీమియం సీసాలో ఏముంది?

“మావాడు సిగరెట్ మానేశాడండీ, ఇప్పుడు వేప్ వాడుతున్నాడు. అదీ చవక సరుకు కాదట, ప్రీమియం లిక్విడ్ అట. దాంతో పెద్ద ప్రమాదం ఉండదు కదా?” పిల్లల్ని లండన్‌కో డాలస్‌కో చదువుకు పంపిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. సిగరెట్‌తో పోలిస్తే వేప్ ఎలాంటిదన్నది మొదటిది. దానికి జవాబు చెప్పడం కొంత తేలిక. వేప్ అంటే ఈ-సిగరెట్. అందులో ఆకు కాలదు, ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. కాబట్టి పొగాకు కాలినప్పుడు పుట్టే తారు ఉండదు. సిగరెట్ మానలేనివాళ్లు పూర్తిగా దీనికి మారితే హాని బాగా తగ్గుతుందని బ్రిటన్ ప్రజారోగ్య సంస్థలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఎన్నడూ పొగ తాగని కుర్రాడికి ఆ మాట వర్తించదు. అతనికిది కొత్తగా అంటించుకున్న నికోటిన్ అలవాటు, అంతే.

రెండో ప్రశ్న ప్రీమియం అన్న మాట గురించి. చవక సీసాకూ ఖరీదైన సీసాకూ నిజంగా తేడా ఉందా? ఉంటే అది నాలుకకు తెలిసే తేడానా, ఊపిరితిత్తులకు తెలిసే తేడానా? ఈ ద్రవం విషయంలో ప్రీమియం అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థమేమీ లేదు. ఎవరైనా సీసా మీద అచ్చు వేసుకోవచ్చు. అందుకే లేబుల్ పక్కన పెట్టి, మూత తీసి చూద్దాం.

అందరిదీ ఒకటే సరుకు

2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ నేటి ఈ-సిగరెట్‌కు రూపం ఇచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ ద్రవం తయారీ పెద్దగా మారలేదు. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే పలుచని ద్రవం, గ్లిజరిన్ అనే చిక్కటి తీయని ద్రవం, నికోటిన్, రుచినిచ్చే పదార్థాలు. మొదటిది రుచిని బాగా మోస్తుంది, గొంతులో కాస్త గీరుతుంది. రెండోది దట్టమైన ఆవిరి మేఘాలు పుట్టిస్తుంది. సీసాలో ఎనభై, తొంభై పాళ్లు ఈ రెండే. ఇవి మందుల కంపెనీలూ సౌందర్య సాధనాల కంపెనీలూ టోకున కొనే మామూలు రసాయనాలు. నికోటిన్ ఎక్కువగా పొగాకు నుంచి తీసి శుద్ధి చేసిందే. అలా తీసే దేశాల్లో మనదీ ఒకటి.

ఖరీదైన బ్రాండ్లు ఇక్కడ చెప్పుకునే గొప్ప ఒకటుంది: మాది ఫార్మా గ్రేడ్ గ్లిజరిన్ అని. స్వచ్ఛత చిన్న విషయమేమీ కాదు. 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో 14 మంది రోగులు కలుషితమైన గ్లిజరిన్ వల్ల చనిపోయారు. అందులో కలిసింది డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. చూపుకీ రుచికీ గ్లిజరిన్‌లాగే ఉంటుంది, మూత్రపిండాలను పాడుచేస్తుంది. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఈ-సిగరెట్ గొట్టాలను పరీక్షిస్తే ఒకదానిలో ఇదే విషం సుమారు ఒక శాతం దొరికింది. కాబట్టి గ్రేడ్ ముఖ్యమే.

కానీ దాన్ని గొప్పగా చెప్పుకోవడమే వింత. 2014లో వచ్చి 2016 నుంచి అమలైన ఐరోపా సమాఖ్య పొగాకు ఉత్పత్తుల ఆదేశం ప్రకారం ఈ ద్రవాల్లో అధిక స్వచ్ఛత గల పదార్థాలే వాడాలి. బ్రిటన్‌లోనూ అదే నియమం. ఒక్క పౌండుకు అమ్మే సీసా అయినా, ఐదు పౌండ్ల సీసా అయినా ఆ గీత దాటాల్సిందే. చట్టం ఎలాగూ చేయించే పనికి అదనపు వెల కట్టి అమ్మడం వ్యాపారంలో పాత విద్య.

రుచికి కట్టే వెల

మరి తేడా ఎక్కడుంది? ఆ మిగిలిన పది, ఇరవై పాళ్లలో. ఇక్కడ మాత్రం తయారీదారు పనితనం నిజంగానే కనిపిస్తుంది.

అరటిపండు వాసన అంటే ప్రధానంగా ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఒక్క అణువు. అనాసకు ఇథైల్ బ్యూటిరేట్, పీచుమిఠాయికి ఇథైల్ మాల్టాల్, బాదానికి బెంజాల్డిహైడ్. చవక ద్రవంలో ఇలాంటివి రెండు మూడు కలిపి ఊరుకుంటారు. అప్పుడది పండులా కాక చాక్లెట్ కాగితంలా అనిపిస్తుంది. ఓపిక ఉన్నవాడు పది పన్నెండు రకాలు కలిపి, ముందు తగిలే వాసన, మధ్యలో వచ్చేది, చివర మిగిలేది అంటూ అమరుస్తాడు. అది నేర్పే, ఆ నేర్పుకు డబ్బు అడగడంలో తప్పులేదు. అయితే చాలా మంది తయారీదారులు ఆ గాఢ సారాలను సొంతంగా చేయరు. కాపెల్లా, ఫ్లేవర్ అప్రెంటిస్, ఫ్లేవర్‌ఆర్ట్ వంటి కంపెనీల దగ్గర కొంటారు. అవే సారాలు ఇంట్లో కలుపుకునే ఔత్సాహికులకూ దొరుకుతాయి. ఇక ‘మడగాస్కర్ వనిల్లా’ అని రాసిన చోట కాస్త నవ్వుకోవచ్చు. ప్రపంచంలో వాడే వనిలిన్‌లో అత్యధిక భాగం ఫ్యాక్టరీలో తయారైందే. అణువు ఎక్కడ పుట్టినా అణువే, దానికి ఊరి పేరు ఉండదు.

‘ఐస్’ అని పేరున్న రకాలకు చల్లదనం తెచ్చేది చాలాసార్లు పుదీనా కాదు, డబ్ల్యూఎస్-23 అనే చలువ పదార్థం. ఆ రెండక్షరాలు విల్కిన్సన్ స్వోర్డ్ అనే బ్లేళ్ల కంపెనీవి. 1970ల్లో గడ్డం గీసుకున్నాక చర్మానికి హాయినిచ్చేది ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే ఈ కుటుంబం రసాయనాలు తేలాయి. హిమాలయాల బొమ్మ వేసిన సీసాలోని చలువకు మూలం గడ్డం బ్లేడు!

తీపి సంగతి ఇంకా తమాషా. ఖరీదైన ‘డిజర్ట్’ రకాలకు పెదవుల మీద నిలిచే తీపి తేవడానికి సుక్రలోజ్ కలుపుతారు. మన ఇళ్లలో మధుమేహం ఉన్నవాళ్లు టీలో వేసుకునే తీపి మాత్రల్లో కొన్నింటిలో ఉండేదీ అదే. టీలో దానికి ఇబ్బంది లేదు. వేప్‌లో కాలే తీగ మీద పడితే మాడి నల్లటి మడ్డి కడుతుంది. 2019లో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ రసాయనవేత్తలు గమనించిందేమంటే, అది తాను విచ్ఛిన్నం కావడమే కాక గ్లైకాల్, గ్లిజరిన్‌లను కూడా త్వరగా విరిగిపోయేలా చేస్తుంది. రుచి పెంచడానికి వేసినదే హానికర ఆల్డిహైడ్‌లను పెంచుతుందన్న మాట. ఈ ఒక్క విషయంలో రుచీపచీ లేని చవక సీసాయే మెరుగు.

‘స్మూత్’ అన్న మాట వెనుకా రసాయనమే ఉంది. శుద్ధమైన నికోటిన్ క్షార గుణం వల్ల గొంతులో గుచ్చుతుంది, అందువల్ల ఎక్కువ పీల్చలేరు. దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మారిస్తే ఘాటు తగ్గుతుంది. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే వేప్ ఈ ఉపాయంతోనే మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్‌ను గొంతు నొప్పించకుండా దింపగలిగింది. ఐరోపాలో అనుమతించే గరిష్ఠం 20 మిల్లీగ్రాములే. మృదువుగా ఉందంటే తేలికగా ఉందని కాదు. గొంతు ఇవ్వాల్సిన హెచ్చరికను తీసేశారని.

సీసా, పెట్టె, ధర కూడా రుచిలో భాగమవుతాయా? అవుతాయి. 2008లో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని మరోసారి చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు బాగుందన్నారు. మాట వరసకు అనడం కాదు, మెదడు స్కానింగ్‌లో ఆనందాన్ని లెక్కగట్టే భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా కనిపించింది. కాబట్టి ప్రీమియం కొన్నవాడు “రుచి బాగుంది” అంటే అబద్ధమాడుతున్నాడని అనుకోకూడదు. అతనికి నిజంగానే బాగుంటుంది.

పోపు ఘాటు

ఇక ఊపిరితిత్తుల సంగతి. ఖరీదైన సీసాల మీద తరచూ కనబడే మరో హామీ ‘ఫుడ్ గ్రేడ్ ఫ్లేవర్స్’. తినడానికి పనికొచ్చేదే కదా, పీల్చితే ఏమవుతుందని సహజంగానే అనిపిస్తుంది.

వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టినప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. అదే మిరపకాయను అన్నంలో నంజుకుని తినగలం, గుంటూరు కారమైనా సరే. కానీ నూనె కాస్త ఎక్కువ కాగి, మిరపకాయ నల్లబడి పొగ లేచిందంటే ముందుగది దాకా అందరూ దగ్గుతారు. మిరపకాయ మారలేదు, వెళ్లిన దారి మారింది. పొట్టలో ఆమ్లం ఉంది, ఎంజైములు ఉన్నాయి, ఆ తర్వాత వచ్చినదాన్ని జల్లెడ పట్టే కాలేయం ఉంది. ఊపిరితిత్తి చివరి గాలి తిత్తులకు ఉన్నదల్లా కాగితం కంటే ఎన్నో రెట్లు పలుచని పొర, దాని వెనుకే రక్తం. అమెరికాలో ఆహార రుచిపదార్థాలకు సురక్షిత ముద్ర వేసే తయారీదారుల సంఘం ఫెమా కూడా ఈ మాట సూటిగా చెప్పింది: ఆ ముద్ర తినడానికి మాత్రమే, పీల్చడానికి కాదు.

ఈ తేడాకు ప్రాణంతో మూల్యం చెల్లించినవాళ్లున్నారు. డయాసిటైల్ అనే పదార్థం వెన్నలో సహజంగానే ఉంటుంది, వెన్న వాసన దానిదే. తింటే ఏమీ కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఒక వైద్యుడు ఒకే పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో గతంలో పనిచేసిన ఎనిమిది మందికి అరుదైన జబ్బు ఉన్నట్టు గుర్తించాడు. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోవడం అది. తిరిగి తెరుచుకోవు. కార్మికులు రోజంతా పీల్చింది వేడి వెన్న సువాసనే.

కస్టర్డ్, క్రీం, కారమెల్, కేక్. ప్రీమియం ద్రవాల్లో గొప్పగా అమ్ముడుపోయే రుచులన్నీ ఈ వెన్న కుటుంబానివే. పుచ్చకాయ రుచికి డయాసిటైల్‌తో పనిలేదు. నోట్లో కరిగే క్రీం అనుభూతి కావాలంటేనే అది గానీ, దాని దగ్గరి చుట్టం ఎసిటైల్ ప్రొపియోనైల్ గానీ కావాలి. గ్రీకు వైద్యుడు ఫర్సలినోస్ బృందం 159 తీపి రకాలను పరీక్షిస్తే దాదాపు నాలుగింట మూడు వంతుల నమూనాల్లో ఈ రెంటిలో ఏదో ఒకటి దొరికింది. 2015లో హార్వర్డ్ పరిశోధకులు చూసిన 51 రకాల్లో 39లో డయాసిటైల్ ఉంది.

అదే 2015లో కాలిఫోర్నియాకు చెందిన ఫైవ్ పాన్స్ ఉదంతం బయటపడింది. ప్రీమియం అన్న మాటకు ఆనాడు చిరునామా లాంటి కంపెనీ అది. చదరంగం పేర్లు, చక్కటి పెట్టెలు, ‘గ్రాండ్‌మాస్టర్’ అనే వేరుశనగ వెన్న, అరటి క్రీం రుచి. చిన్న చిన్న మోతాదుల్లో చేతితో కలుపుతామన్న ధీమా. ఆ రకాల్లో కొన్నింటిలో ఎసిటైల్ ప్రొపియోనైల్, డయాసిటైల్ చెప్పుకోదగ్గ మోతాదులో ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కంపెనీ తన పరీక్షల ఫలితాలను బయటపెట్టాల్సి వచ్చింది, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. రుచిలో మాట నిలబెట్టుకున్న సీసాయే ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టింది. ఆ చిక్కదనం ఎందుకంత బాగుందో పరీక్షల్లో తెలిసింది.

ఇక్కడ అతిగా భయపెట్టడమూ న్యాయం కాదు. సిగరెట్ పొగలోనూ డయాసిటైల్ ఉంటుంది, అదీ ఎక్కువ మోతాదులో. వేప్ వల్లే ఈ జబ్బు వచ్చిందని నిర్ధారణ అయిన కేసు తమ దగ్గర లేదని బ్రిటన్ సంస్థలు చెబుతున్నాయి. 2016 నుంచి అక్కడ ఈ ద్రవాల్లో డయాసిటైల్‌ను నిషేధించారు. గమనించాల్సింది మరొకటి: ఆ మార్పు తెచ్చింది ఖరీదు కాదు. పరీక్షించినవాళ్లూ, పరీక్ష చూసి నియమం రాసినవాళ్లూ.

ఊరబెట్టిన ద్రవం

ఖరీదైన బ్రాండ్ల ప్రచారంలో ఇంకో ఆకర్షణ ఉంది: వారాల తరబడి ఊరబెట్టాం అని. వాడేవాళ్లూ సీసాను చీకటి అలమరలో దాచి, రంగు ముదిరితే మురిసిపోతారు. రంగు ముదరడానికి ఒక పెద్ద కారణం నికోటిన్ గాలితో కలిసి ఆక్సీకరణం చెందడం. అది పరిపక్వత కాదు, పాతబడటం.

రుచి మారడం మాత్రం నిజం. ఎందుకు మారుతుందో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో చూపించారు. వనిలిన్, దాల్చిన సారం, బెంజాల్డిహైడ్ వంటివి సీసాలో ఊరికే కూర్చోవు. తమను కరిగించిన ప్రొపిలీన్ గ్లైకాల్‌తోనే నెమ్మదిగా జతకట్టి ఎసిటాల్‌లనే కొత్త పదార్థాలుగా మారతాయి. కొన్నింటిలో 40 శాతం దాకా అలా మారిపోయింది. లేబుల్ మీద ఈ కొత్తవాటి పేరు ఉండదు, ఎందుకంటే వాటిని ఎవరూ కలపలేదు. ఇవి సగం నుంచి 80 శాతం వరకు ఆవిరిలోకీ చేరుతున్నాయి. మన కణాల్లో మంటను పసిగట్టే గ్రాహకాలు కొన్ని ఉన్నాయి. మిరపకాయ ఘాటును గుర్తుపట్టేది టీఆర్‌పీవీ1. ఆ పరిశోధనలో మూల పదార్థాలకు పలకని ఈ గ్రాహకం వాటి ఎసిటాల్‌లకు పలికింది. పోపు ఘాటుకు మనల్ని దగ్గించేదీ ఇదే. ఊరబెట్టిన కొద్దీ మృదువవుతుందని చెప్పి అమ్మిన ద్రవం, కణాల లెక్కలో చికాకు పెట్టే గుణాన్ని కొత్తగా సంపాదించుకుంటోంది.

మూకుడు మంచిది కాకపోతే

సీసా ఎంత శుభ్రమైనదైనా, మనిషి పీల్చేది సీసాలోని ద్రవాన్ని కాదు. దాన్ని తీగచుట్ట మీద కాచగా వచ్చిన ఆవిరిని. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తీగచుట్టకు ద్రవాన్ని అందించే దూది తడిగా ఉన్నంతసేపు ఫరవాలేదు. అది ఎండినా, కరెంటు ఎక్కువ ఇచ్చినా వేడి హద్దు దాటి ఆ రెండూ విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. మాడిన నూనె ముక్కు మండించేదీ ఎక్రోలిన్ వల్లే.

2015లో జరిగిన ఒక పరిశోధనలో ఒకే ద్రవాన్ని 3.3 వోల్టుల దగ్గర కాచితే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కనబడలేదు. 5 వోల్టుల దగ్గర బాగా కనబడ్డాయి. అంత మాడిన ఆవిరిని ఏ మనిషీ భరించి పీల్చడని ఫర్సలినోస్ అభ్యంతరం చెప్పారు, అందులో నిజముంది. అయినా ద్రవం మారకుండానే విషం మారిందన్నది మిగులుతుంది. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లోహాలు చూశారు. రీఫిల్ సీసాలోని ద్రవంలో నికెల్, క్రోమియం, సీసం వంటివి స్వల్పంగా ఉన్నాయి. అదే ద్రవం తీగను తాకి ఆవిరయ్యాక ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ప్రీమియం కంపెనీ తన ద్రవానికి పరీక్ష పత్రం జతచేసిందనుకుందాం. అది అబద్ధం కాకపోవచ్చు. తీగచుట్ట దాకా రాని ద్రవం గురించి అది చెప్పేది నిజమే.

స్టిక్కర్ ఎవరిది?

బ్రిటన్‌లో ప్రతి నికోటిన్ ద్రవాన్నీ అమ్మకానికి ముందే పదార్థాలు, ఆవిరి వివరాలతో నమోదు చేయాలి. అది నమోదే, ఆమోదం కాదు. అమెరికా మరో దారి పట్టింది, ప్రజారోగ్యానికి మేలని రుజువు చేస్తేనే అనుమతి అంది. 2020 సెప్టెంబరు గడువు నాటికి 65 లక్షలకు పైగా ఉత్పత్తులకు దరఖాస్తులు వచ్చిపడ్డాయి, రుచుల రకాల్లో అత్యధికం తిరస్కరించారు. ఆ వివాదంలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎఫ్‌డీఏ పక్షాన తీర్పిచ్చింది. ఆ కేసులోని సరుకు పేర్లలో ‘సూయిసైడ్ బన్నీ మదర్స్ మిల్క్ అండ్ కుకీస్’ ఒకటి. న్యాయమూర్తులు ఆ పేరు రాసేటప్పుడు ఏమనుకున్నారో!

పేరుకున్న బలం ఎంతో 2019లో అమెరికాకు బాధగా తెలిసింది. వేప్ వాడినవారికి వచ్చిన తీవ్ర ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలవడమో మరణించడమో జరిగింది, మరణాలు 68. కారణంగా తేలినవి ప్రధానంగా గంజాయి సారం ఉన్న గొట్టాలు, వాటిలో చిక్కదనానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. రోగులు ఎక్కువగా చెప్పిన పేరు ‘డ్యాంక్ వేప్స్’. తీరా చూస్తే ఆ పేరుతో ఒక కంపెనీ అంటూ ఎక్కడా కనబడలేదు. రంగురంగుల ఖాళీ పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరికేవి, ఎవరికి తోచింది వాళ్లు నింపి అమ్మారు.

మన దగ్గర 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నింటినీ నిషేధించింది. అమ్మి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా హైదరాబాద్, విజయవాడల్లో చాటుగా చేతులు మారే సీసాల మీద ‘ప్రీమియం’, ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని మెరుస్తుంటాయి. డబ్బా మీద మూడు మిల్లీగ్రాములని ఉంటే లోపల ముప్ఫై ఉన్నా అడిగేవారు లేరు. బిల్లు ఉండదు, బ్యాచ్ నంబరు సరిచూసే కార్యాలయం ఉండదు, వినియోగదారుల ఫోరానికి వెళ్లడానికి రసీదు ఉండదు. లండన్‌లో కనీసం గ్లిజరిన్ స్వచ్ఛతనూ డయాసిటైల్ నిషేధాన్నీ చట్టం చూసుకుంటుంది. ఇక్కడ అదే సీసాకు అంతకంటే ఎక్కువ ధర ఇచ్చి, ఆ రెండు హామీలూ లేకుండా కొంటున్నారు.